బండిలో మనిషుంది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్లకి వ్యాను లేదు కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే, పట్టపగలు నడివీధిలో బండి ఆపి చూడు అని మూడోది కూడా అనేసి పోయేవాళ్లు.

పరుపులు అమ్మే కంపెనీ తరఫున ఇంటింటికీ సరుకు చేరవేసే ఒక డ్రైవరున్నాడు. మనిషి నెమ్మది, మాట నెమ్మది, బండి కూడా నెమ్మదే కాబట్టి తోటి డ్రైవర్లు అతన్ని నిదానం అంటారు. నిదానం ఇల్లు కట్టలేదు. పెళ్లి మాత్రం చేసుకున్నాడు. బండి ఆపే దగ్గరే అతని బతుకు బస్టాండయింది.

అందులో అతని తప్పేముంది? చోటుంటే కదా ఆపడానికి. ప్రతి పెద్ద భవనం పక్కనా పసుపు గీతలు కొట్టి, ‘సామాన్లు దించే బండ్లకు మాత్రమే’ అని నేల మీద మనిషంత అక్షరాలతో రాసి పెడతారు. సరిగ్గా ఆ అక్షరాల మీదే ఎవరిదో కారు పడుకుని ఉంటుంది. అక్షరాల మీద ఆపేస్తే ఇక చదవక్కర్లేదని కాబోలు. ఎవరిదయ్యా ఈ కారు అని వాచ్‌మన్‌ని అడిగితే అతను ఆకాశం వంక చూస్తాడు. పోనీ అని రోడ్డు వారగా ఆపి, సరుకు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి, దిగి వచ్చేసరికి బండి ఉండదు. టోయింగ్ వాళ్లు గొలుసు తగిలించి ఊరి చివర యార్డుకి ఈడ్చుకుపోయి ఉంటారు. ఇక ఆ రోజంతా యార్డు చుట్టూ ప్రదక్షిణలే.

అయితే టోయింగ్ వాళ్లకి ఒక నియమం ఉంది. బండిలో మనిషుంటే ఎత్తకూడదు. ఆ మనిషి డ్రైవరే కానక్కర్లేదు, ఊపిరి పీల్చే ప్రాణి ఎవరైనా చాలు. అందుకని డ్రైవర్లందరూ ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్లని ఎవర్నో ఒకర్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తిరుగుతారు. అలా కూర్చునే మనిషిని వాళ్లలో వాళ్లు దిష్టిబొమ్మ అంటారు. ‘ఏరా, ఇవాళ దిష్టిబొమ్మ ఎవరు?’ అంటే, ‘మా బావమరిది’ అని ఒకడూ, ‘రిటైరైన మా బాబాయి’ అని ఇంకొకడూ చెప్పుకుంటారు.

నిదానం దిష్టిబొమ్మ అతని అత్తగారు.

ఆ మాట ఆవిడ చెవిన పడకుండా అతను తీసుకున్న జాగ్రత్త ఇంతా అంతా కాదు. అసలు ఆవిడని రమ్మని పిలిచే ధైర్యం అతనికెక్కడిది? ఆవిడే బయల్దేరింది. కూతురు ఇంట్లో కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. రోజంతా ఆ చప్పుడు వింటుంటే తన తలకే కుట్లు పడుతున్నట్టుందనీ, గోడలు చూస్తూ కూర్చునే బదులు బండిలో కూర్చుని జనాన్ని చూస్తాననీ కూతురితో అంది. అల్లుడితో అనలేదు. అల్లుడితో ఆవిడ నేరుగా మాట్లాడేది తక్కువ, మాట్లాడితే మీరు, రండి, కూర్చోండి. స్టీరింగు తిప్పేవాడికా నా పిల్లనిచ్చేది అని పెళ్లికి ముందు గట్టిగా అన్న మనిషి. ఆ మాట తర్వాత మళ్లీ ఎప్పుడూ అనలేదు గానీ, వెనక్కి తీసుకుంటున్నానని కూడా అనలేదు.

ఇక అతని సంగతి చెప్పక్కర్లేదు. పెళ్లయిన నాటి నుంచి ఆవిడని ఏమని పిలవాలో తేల్చుకోలేకపోయాడు. అత్తయ్యా అంటే చనువు తీసుకున్నట్టుంటుంది. అత్తగారూ అంటే నాటకంలో వేషం వేసినట్టుంటుంది. అమ్మా అంటే, ఎవర్రా నీకు అమ్మ అంటుందేమోనని భయం. ఇలా కాదని ఏమనీ పిలవకుండానే నెట్టుకొస్తున్నాడు. ఆవిడతో పని పడితే గుమ్మం దగ్గర నిలబడి దగ్గుతాడు. ఆవిడ తలెత్తి చూస్తుంది. పని జరిగిపోతుంది.

ఆ రోజు ఒక అపార్టుమెంటులో నాలుగో అంతస్తుకి రెండు పరుపులు దించాలి. భవనం పక్క సందులో రెండు స్తంభాల మధ్య పసుపు గీతల చోటు ఉంది. అందులో యథాప్రకారం తెల్లకారు ఉంది. వాచ్‌మన్ ఆకాశం చూశాడు. నిదానం ఒక నిట్టూర్పు విడిచి, రోడ్డు పక్కన ఒక మందుల షాపు ముందు బండి ఆపి, లైట్లు మిణుకు మిణుకుమనిపించి దిగాడు. వెనక తలుపు తీసి పెద్ద పరుపు బయటికి లాగుతుంటే, ఎండ మొహం మీద కొడుతోంది, వెనక్కెళ్లి కూర్చోనా అని ముందు సీట్లోంచి అత్తగారు అడిగింది. ముందు సీట్ల మధ్య నుంచి వెనక్కి వెళ్లడానికి సందుంది. మీ ఇష్టమండి అని, అన్న మాట తన చెవికే ఎక్కకుండా, వెనక తలుపు మూసేసి పరుపు నెత్తినెత్తుకున్నాడు.

పరుపు లిఫ్టులో పట్టలేదు. మెట్ల మలుపుల్లో దాన్ని వంచి, మడిచి, బతిమాలి పైకి చేర్చాడు. పైన ఆ ఇంటి దంపతులకి మంచం ఏ గోడకి వేయాలో ఇంకా తేలలేదు. భర్త కిటికీ వైపు అన్నాడు, భార్య తలుపు వైపు అంది. మంచాన్ని అటోసారీ ఇటోసారీ జరిపిందెవరయ్యా అంటే పరుపు తెచ్చినవాడు. చివరికి మంచం మొదట ఉన్నచోటే బాగుందని ఇద్దరూ ఒప్పుకున్నాక, చెమట తుడుచుకుంటూ రెండో పరుపు కోసం కిందికి దిగాడు.

మందుల షాపు ఉంది. షాపు ముందు బండి లేదు.

మొదట అతనికి కోపం వచ్చింది. మనిషుండగా ఎలా ఎత్తుతారు? నియమం నియమమే కదా. ఆ తర్వాత ఆ మనిషెవరో గుర్తొచ్చింది. ఆవిడ దిగిందేమోనని వీధి అటు చివరి దాకా పరుగెత్తాడు, ఇటు చివరి దాకా పరుగెత్తాడు. ఎక్కడా లేదు. మందుల షాపాయన మాత్రలు లెక్కపెట్టడం ఆపి, ఇప్పుడే ఈడ్చుకుపోయారనీ, అద్దంలోంచి లోపలికి చూసే ఎత్తారనీ, సీట్లో ఎవరూ లేరనీ చెప్పాడు. దిగడం కూడా చూడలేదన్నాడు.

ఆవిడ ఫోనుకి చేశాడు. భార్య ఎత్తింది.

“అమ్మ ఫోను ఇంట్లోనే మర్చిపోయింది. ఏం, ఆవిడ మీ పక్కనే ఉందిగా?”

నిదానం పుట్టి బుద్ధెరిగాక అంత చటుక్కున అబద్ధం ఆడి ఎరగడు. “ఆఁ, ఉన్నారు. నిద్రపోతున్నారు,” అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాకే అతనికి వెలిగింది. వెనక్కెళ్లి కూర్చోనా అనడిగింది. వెనక ఉన్నది కొత్త పరుపు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రాత్రుళ్లు సరిగా నిద్ర పట్టదు. కూర్చోవడం దేనికి, నడుం వాల్చి ఉంటుంది. వాల్చాక ఇంకేముంది, ఏ గొలుసు తగిలించినా, ఎంత దూరం ఈడ్చినా తెలిసి ఉండదు. వెనక తలుపు తనే మూశాడు. ఆ డబ్బాకి కిటికీ లేదు. యార్డులో నీడా లేదు, ఇనప రేకు పెనంలా కాలుతుంది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

మలుపు దగ్గర ట్రాఫిక్ కానిస్టేబులు కనిపిస్తే, యార్డుకి ఫోను చేయించవచ్చని అతని మీద పడ్డాడు. మా అత్తగారు బండిలో ఉండిపోయారండీ, బండి ఎత్తుకుపోయారండీ అన్నాడు. కానిస్టేబులు ముందు ఈల తీసి జేబులో పెట్టుకున్నాడు, తర్వాత పగలబడి నవ్వాడు. అందరికీ పట్టదయ్యా ఇంతటి అదృష్టం, బండి మాత్రం విడిపించుకో అన్నాడు. అత్తగారంటే చాలు, లోకానికి ఎక్కడలేని నవ్వూ వస్తుంది. అవతల ఆవిడ ఊపిరి ఎలా ఉందో ఎవడికి కావాలి? నిదానం ఇంకొక్క మాట మాట్లాడకుండా, అటుగా పోతున్న కొరియరు బైకుకి అడ్డంపడి, వెనక ఎక్కి, యార్డుకి పోనీయమన్నాడు. తోటి డ్రైవరు మొహం చూసి అతనూ ప్రశ్నలు వేయలేదు.

యార్డు గేటు దగ్గర కాపలాదారు బండి కాగితాలు చూపించమన్నాడు. కాగితాలు బండిలో ఉన్నాయి. బండి లోపలుంది. లోపలికి పోవాలంటే కాగితాలు చూపించాలి. మామూలు రోజైతే ఈ గానుగ చుట్టూ నిదానం సాయంత్రం దాకా ఓపిగ్గా తిరిగేవాడే. ఇవాళ గేటు ఊచలు రెండు చేతులా పట్టుకున్నాడు. అత్తగారు అనబోయి, కానిస్టేబులు నవ్వు గుర్తొచ్చి, మాట మార్చేశాడు.

“బండి వెనక మా అమ్మ ఉందండీ. తలుపు మూసుంది. ముందు ఆవిడని చూడండి. తర్వాత నన్నేం చేసినా సరే.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాపలాదారు మొహంలో నెత్తురుచుక్క లేదు. లాఠీ అక్కడే పడేసి వ్యాన్ల వరసల్లోకి పరుగెత్తాడు.

నిదానం గేటు బయట నిలబడిపోయాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. పొద్దున ఆవిడ అతని నీళ్ల సీసాకి తడిగుడ్డ చుట్టి, దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని, ఆరిపోయినప్పుడల్లా మళ్లీ తడుపుతూ కూర్చుంది. ఎందుకండీ అని కూడా అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇన్నాళ్లూ ఆవిడంటే తనకి భయమనే అనుకున్నాడు. భయం మాట నిజమే. కానీ ఆవిడకేమైనా అయితే ఇంటికి వెళ్లి భార్యకేం చెప్పాలన్న బెంగ కంటే ముందు, ఆవిడకేమీ కాకూడదన్న బెంగే పట్టుకుంది. కన్నతల్లికైనా అంతే బెంగపడేవాడు. ఆ సంగతి ఆ గేటు దగ్గర తెలిసి, అతను ఊచలకి తల ఆనించి ఏడ్చాడు.

కాపలాదారు తిరిగొచ్చాడు. ఈసారి పరుగెత్తడం లేదు. మొహం ఎర్రగా ఉంది.

“ఎవడివయ్యా నువ్వు? మీ అబ్బాయొచ్చాడమ్మా అంటే, నాకు అబ్బాయిలే లేరు, ఒక్కతే కూతురు, దొంగవేషాలు వేయకండి అంటోంది. లోపల్నుంచి గడియ పెట్టుకుని కూర్చుంది. నన్ను తిట్టింది కూడా.”

“తిట్టారా?” అన్నాడు నిదానం.

“తిట్టిందంటే మామూలుగానా? నా వయసుకి కూడా విలువివ్వలేదు.”

“గట్టిగా తిట్టారా?”

“ఈ చివర్నుంచి ఆ చివర దాకా వినిపించింది.”

అమ్మయ్య. నిదానం గేటు పక్కన దుమ్ములోనే చతికిలబడి, కన్నీళ్లు కారుతుండగానే పకపకా నవ్వాడు. అంత గట్టిగా తిట్టగలిగిందంటే ఊపిరికేం ఢోకా లేదు. కాపలాదారు మాత్రం రెండడుగులు వెనక్కి వేశాడు. తల్లి కాని తల్లి కోసం వచ్చి, తిట్టిందంటే సంబరపడేవాడిని అతను ఎక్కడా చూడలేదు పాపం.

ఇక దాచి లాభం లేదని నిదానం ఉన్నమాట చెప్పేశాడు, అమ్మ కాదు, అత్తగారు అని. కాపలాదారు నమ్మలేదు. ఇందాక అమ్మన్నావు, ఇప్పుడు అత్తన్నావు, ఇంకాసేపుంటే అమ్మమ్మంటావు అన్నాడు. అయినా లోపలున్నది పెద్దావిడ కదా అని, గొణుక్కుంటూ మళ్లీ వెళ్లి, మీ అల్లుడంట అని చెప్పొచ్చాడు. అయితే ఆవిడా అంత తేలిగ్గా పడే ఘటం కాదు. కళ్లు తెరిచేసరికి తెలియని చోట ఉంది. చుట్టూ తెలియని మగగొంతులు. ఎవడో ఒకసారి కొడుకునన్నాడు, ఒకసారి అల్లుణ్ణన్నాడు. ఆవిడ స్థానంలో ఎవరున్నా గడియ తీయరు.

“నిజంగా అల్లుడైతే నన్నేమని పిలుస్తాడో చెప్పమంటోంది,” అన్నాడు కాపలాదారు. “చెప్పు. ఏమని పిలుస్తావు?”

నిదానం నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

“ఏమనీ పిలవనండి. దగ్గుతాను.”

కాపలాదారు అతని వంక ఎగాదిగా చూశాడు. ఇదేదో తేలేదాకా తనకి కూర్చునే రాత లేదనుకుని మళ్లీ వ్యాన్ల మధ్యకి నడిచాడు. ఏమనీ పిలవడంటమ్మా, దగ్గుతాడంట అని అతను అరవడం గేటు దాకా వినిపించింది. ఆ వెంటనే గడియ తీసిన చప్పుడు, ఆవిడ గొంతు.

“ఆయనే. పంపించండి.”

పరుపు అంచున కూర్చుని ఉంది ఆవిడ, జుట్టు చెదిరి, చెమటకి తడిసి, తడిగుడ్డ చుట్టిన సీసా ఒళ్లో పెట్టుకుని. తన పక్క అద్దం కాస్త దింపి ఉండటం వల్ల సందులోంచి గాలి ఆడింది, అదే కాపాడింది. ఇది ఏ వీధండీ అని అడిగింది. ఊరి చివరికి ఈడ్చుకొచ్చారని అతను చెప్తే, నమ్మక, కిందికి దిగి ఆ వరసలన్నీ ఒకసారి చూసింది. తర్వాత సీసా అతని చేతికిచ్చి, ముందు మీరు తాగండి, మొహం చూడండి ఎలా అయిందో అంది.

మనిషుండగా బండి ఎత్తారన్న కబురు యార్డు ఆఫీసరు దాకా వెళ్లింది. తేలు కుట్టిన దొంగలా వచ్చి, ఆవిడకి కుర్చీ వేయించి, జరిమానా మాట ఎత్తకుండా బండి తీసుకెళ్లమన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది, సామాన్లు దించే చోటుండగా రోడ్డు మీద ఆపడం దేనికని ఓ మాట అన్నాడు. ఆవిడ కుర్చీలో సర్దుకు కూర్చుంది. ఆ చోట్లో ఉన్న తెల్లకారు ఎవరిదో, ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో, వాచ్‌మన్‌తో దాని యజమాని ఏం మాట్లాడతాడో, ఆ వీధికి వచ్చిన ప్రతిసారీ సీట్లో కూర్చుని చూసినదంతా విప్పింది. మనుషులున్న బండ్లని ఎత్తే బదులు, మనుషుల్లేని ఆ కారుని ఎత్తచ్చుగా అని చివర్న అడిగింది. ఆఫీసరు అప్పటికప్పుడే టోయింగ్ బండి డ్రైవరుని కేకేశాడు.

గొలుసు తగిలి వ్యానుకి ఎడమవైపు, వెనక వచ్చేవి చూసుకునే అద్దం విరిగింది. నిదానం దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు. దారిలో భార్య ఫోను చేస్తే అతని ఫోను ఆవిడే తీసుకుంది. “నిద్రపోయానే. అవును, బండిలోనే. ఆ పరుపులు బాగున్నాయి,” అని చెప్పి పెట్టేసింది. అతను ఆవిడ వంక చూశాడు. ఆవిడ రోడ్డు వంక చూస్తోంది.

“వాళ్లతో అమ్మ అని చెప్పారటగా?” అంది.

“అత్తగారంటే నవ్వారండీ. అమ్మంటే పరుగెత్తారు.”

“నవ్వుతారు, వెధవలు,” అంది ఆవిడ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. తుడుచుకున్నది చెమటే అనుకోవాలి.

వీళ్లు చేరేసరికి అపార్టుమెంటు దగ్గర తెల్లకారు ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. దాని యజమాని ఇంట్లో చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి, తనెవరో తెలుసా అని ఊరంతా అడుగుతున్నాడు. వాచ్‌మన్ మళ్లీ ఆకాశం చూస్తున్నాడు. పసుపు గీతల మధ్య చోటు మాత్రం ఖాళీగా, కడిగిన పళ్లెంలా ఉంది. దాన్ని అలా చూడటం నిదానానికి అదే మొదలు.

బండి వెనక్కి పెట్టాలి. రెండు స్తంభాల మధ్య వ్యాను పట్టీ పట్టకుండా ఉంది, ఎడమ అద్దం లేదు. నేను చూస్తానంటూ ఆవిడ దిగి వెనక నిలబడింది.

“రండి,” అంది, ఇంటికొచ్చిన చుట్టాన్ని పిలిచినట్టు. “రండి, రండి. కొంచెం కుడిపక్కకండి. ఆఁ, రండి.”

అతను మెల్లిగా వెనక్కి వస్తున్నాడు. పొద్దుటి నుంచి పడ్డ అవస్థకో ఏమో, క్లచ్చు మీద పాదం జారింది. బండి ఒక్క ఊపున స్తంభం మీదికి పోయింది. ఆగండి అల్లుడుగారూ అనడానికి వేళ లేదు. ఆ మాట సగంలో ఉండగానే బండి స్తంభాన్ని కొట్టేస్తుంది.

“ఆగరా నాన్నా!”

బ్రేకు పడింది. స్తంభానికీ బండికీ మధ్య అరచెయ్యి దూరితే గొప్ప. ఇంజను ఆగిపోయింది. వెనక ఆవిడ, అన్న మాట వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నట్టు, చెయ్యి గాల్లో అలాగే పెట్టి నిలబడి ఉంది.

నిదానం కిటికీలోంచి తల బయటపెట్టాడు. దగ్గలేదు.

“ఆగానమ్మా,” అన్నాడు.

“ఆగితే దిగు మరి,” అంది ఆవిడ చెయ్యి దించి. “పైన వాళ్లు రెండో పరుపు కోసం చూస్తుంటారు.”